ఐదు చుక్కల చరిత్ర

చరిత్ర యనగనే రాజులు, యుద్ధములు, కోటలు, శాసనములు మనస్సునకు వచ్చుట పరిపాటి. ఉయ్యాలలలో జరిగిన పోరాటములకు శాసనములు లేవు. పూర్వతరముల తల్లులు తమ కాన్పులను గూర్చి చెప్పునపుడు, ఇంతమందిని కంటిమనియు, అందులో ఇంతమంది దక్కిరనియు రెండు లెక్కలు చెప్పెడివారు. ఆ రెండు లెక్కల నడుమనున్న వ్యత్యాసమును ఏ చరిత్రకారుడును వ్రాసిపెట్టలేదు. దక్కని బిడ్డలలో అనేకులు రెండు మూడు దినముల వాంతులతోను, నీళ్ల విరేచనములతోను వాడిపోయి కన్నుమూసినవారే. కొందరు దానిని దిష్టి యనిరి. కొందరు పళ్లు వచ్చునప్పటి జబ్బనిరి. మరికొందరు తల్లి తిన్న తిండి బిడ్డకు పడలేదనిరి. వ్యాధికి పేరు తెలియదు. కనుక దానికి అడ్డుకట్టయు లేకుండెను.

నేడు నోయిడాలోని ఒక తెలుగు ఇంట బిడ్డ పుట్టినచో, ఆరవ వారమున తల్లిదండ్రులు ఆ బిడ్డను పొత్తిళ్లలో చుట్టి టీకాలకు తీసికొనిపోవుదురు. సూదిమందునకు బిడ్డ కెవ్వుమనును. అందరి దృష్టియు ఆ సూదిమీదనే యుండును. అదే దినమున బిడ్డ నోటిలో పడు కొద్దిపాటి మందును ఎవరును అంతగా గమనింపరు. అది రోటావైరసు టీకా. మన దేశమున ప్రభుత్వము ఉచితముగా వేయించుచున్న ఈ టీకాలలో ఒకటి సరిగా ఐదు చుక్కలు. ఉగ్గుగిన్నె అడుగు తడియుటకైనను చాలని ఆ ఐదు చుక్కల వెనుక ముప్పది సంవత్సరముల చరిత్ర కలదు. దాని విత్తనము యమునకు ఆవలిగట్టున, ఢిల్లీలోని ఒక ఆస్పత్రిలో, నవజాత శిశువుల వార్డులో దొరకినది. అది పంటకు వచ్చినది హైదరాబాదు సమీపమున, తెలుగునేల మీద. ఢిల్లీకిని తెలుగునాటికిని నడుమ ఉద్యోగధర్మముచే రాకపోకలు సాగించు కుటుంబములకు ఈ కథ తెలిసియుండుట ఉచితము.

ముందుగా వ్యాధి స్వరూపమును తెలిసికొనవలెను. 1973వ సంవత్సరము వరకు పసిపిల్లల అతిసారమునకు కారణము చాలవరకు అగమ్యగోచరముగనే యుండెను. ఆ యేట ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున రూత్ బిషప్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును, తీవ్రమైన విరేచనములతో ఆస్పత్రిలో చేరిన పిల్లల చిన్నప్రేగు పొరనుండి తీసిన అతిచిన్న ముక్కలను ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. అందు గుండ్రని వైరసులు గుంపులు గుంపులుగా కనబడినవి. అవి ఆకులు బిగించిన బండిచక్రమువలె నుండుటచే, మరుసటి సంవత్సరము ఇంగ్లండులో పనిచేయుచున్న థామస్ ఫ్లూవెట్ ఆ వైరసునకు రోటా యను పేరును సూచించెను. లాటిను భాషలో రోటా యనగా చక్రము.

ఈ చక్రము బిడ్డ కడుపులో చేయు పని యేమి? చిన్నప్రేగు లోపలి గోడమీద, మఖమలు గుడ్డమీది నూగువలె, సన్నని మొలకలుండును. ఆహారములోని నీటిని, ఉప్పును, చక్కెరను పీల్చుకొనునవి ఆ మొలకల కొనలయందున్న కణములే. వైరసు ఆ కణములలోనే ప్రవేశించి, పెరిగి, వానిని నశింపజేయును. అప్పుడు ప్రేగు నీటిని పీల్చుకొనుటకు మారుగా వెలికి నెట్టివేయును. పెద్దవారు దీనికి ఓర్చుకొందురు గాని, పసికందు ఓర్వజాలదు. ఒక్క దినములోనే కన్నులు గుంటలు పడును. మాడు లోపలికి కుంగును. ఏడ్చినను కన్నీరు రాదు. మరుదినమునకు ఆ యేడ్పును సన్నగిల్లును.

ఈ వ్యాధికి వేరొక విచిత్ర లక్షణము కలదు. కలరా, టైఫాయిడు మొదలైనవి మంచినీటి సరఫరాయు మురుగుకాలువలును బాగుపడినచోట తగ్గిపోయినవి. రోటావైరసు అట్లు తగ్గలేదు. బిడ్డ చేతికి, బొమ్మకు, పక్కగుడ్డకు అంటిన కొద్దిపాటి వైరసే చాలును. టీకా రాకపూర్వము అమెరికాలో పుట్టినను, ఆముదాలవలసలో పుట్టినను, ఐదేండ్లు నిండులోపల దాదాపు ప్రతి బిడ్డకును ఇది ఒకసారియైన సోకెడిది. సోకుటలో భేదము లేదు. చావులో భేదము కలదు. అక్కడి బిడ్డకు గంటలోపల సెలైను ఎక్కును. ఇక్కడి బిడ్డ తల్లి ఒడిలో బస్సుకొరకు వేచియుండును.

ఈ భేదమును తగ్గించిన మొదటి మహాకార్యము మన దేశముననే జరిగినది. 1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధకాలమున, శరణార్థులతో క్రిక్కిరిసిన బన్‌గావ్ శిబిరమున కలరా చెలరేగి, సెలైను సీసాలు నిండుకొన్నవి. కలకత్తా వైద్యుడు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపించి, రోగుల బంధువులచేతనే త్రాగింపజేసెను. నూటికి ముప్పది వరకు నుండిన మరణములు నాలుగులోపునకు దిగినవి. నేడు ప్రతి మందులషాపునను దొరకు ఓ.ఆర్.ఎస్. పొట్లము ఆ మార్గముననే ఇంటింటికి వచ్చినది. అయితే రోటావైరసు సోకిన బిడ్డకు తరచుగా వాంతులు ముందు వచ్చును, త్రాగించినది నిలువదు. ఓ.ఆర్.ఎస్. అనేకులను రక్షించినది గాని అందరిని రక్షింపలేకపోయినది. 2014లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారము, టీకా ప్రవేశమునకు పూర్వము మన దేశమున ఐదేండ్లలోపు పిల్లలు ఏటేట దాదాపు 78,000 మంది ఈ ఒక్క వైరసు వలననే మరణించుచుండిరి. దాదాపు 8,72,000 మంది ఆస్పత్రులలో చేరుచుండిరి. అనగా దినమునకు రెండువందలకు పైగా చావులు.

ఇక ఢిల్లీ వార్డునకు వత్తము. అది 1985-86 ప్రాంతము. 1976లో ఏర్పడిన నోయిడా అప్పటికి పదేండ్ల పసినగరము. ఢిల్లీలో, ఎయిమ్స్ అని అందరును పిలుచు అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలో, మహారాజ్ కిషన్ భాన్ అను శిశువైద్యుడు పనిచేయుచుండెను. 1947లో కాశ్మీరమున జన్మించి, పూనా సైనిక వైద్యకళాశాలలోను, చండీగఢ్‌లోను చదివినవాడు. ఆయనయు, ఆయన సహచరులును వార్డులోని నవజాత శిశువుల మలమును పరీక్షించుచుండగా, అనేకుల మలములో రోటావైరసు కనబడినది. ఆశ్చర్యమేమనగా ఆ శిశువులకు విరేచనములు లేవు, వాంతులు లేవు. వారు హాయిగా పాలు త్రాగి నిద్రించుచుండిరి.

వైద్యుని దృష్టి స్వభావముచేతనే రోగిమీదకు పోవును. జబ్బులేని బిడ్డను గూర్చి రెండవసారి ఆలోచించు వైద్యుడు అరుదు. పరీక్షాఫలితము తప్పని త్రోసిపుచ్చి, వార్డును ఫినాయిలుతో కడిగించి ఊరకుండుటకు అవకాశముండెను. భాన్ అట్లు చేయలేదు. వైరసు కడుపులో నున్నను బిడ్డకు బాధ లేనిచో, ఆ వైరసు సాధువై యుండవలెను. సాధువైన వైరసు ఒకసారి కడుపులో నివసించి పోయినచో, తరువాత వచ్చు క్రూరమైన దానిని ఎదుర్కొను శక్తి బిడ్డకు వచ్చునా? ఇది ఆయన వేసికొన్న ప్రశ్న. మెల్బోర్న్‌లో బిషప్ బృందము 1983లోనే ఇట్టి సూచన చేసియుండెను: పుట్టినవెంటనే రోటావైరసు సోకిన శిశువులకు తరువాతి కాలమున తీవ్రవ్యాధి తక్కువగా వచ్చుచున్నదని. ఢిల్లీ బృందము తన శిశువులను వెంబడించి పరిశీలించి, వారికిని పిమ్మట రోటావైరసు విరేచనములు తక్కువగనే వచ్చినవని 1993లో ప్రకటించెను. ముల్లును ముల్లుతోనే తీయవలెనను మన సామెతకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకుట కష్టము.

ఆ సాధువైరసునకు 116ఇ అను గుర్తు నిలిచిపోయినది. దాని జన్మవృత్తాంతమును పరిశీలింపగా మరియొక విశేషము బయటపడినది. రోటావైరసు యొక్క జన్యుపదార్థము పదునొకండు ఖండములుగా నుండును. 116ఇ లో పది ఖండములు మానవ వైరసువి. ఒకటి మాత్రము పశువుల వైరసునుండి వచ్చి చేరినది. ఏనాడో, ఎక్కడనో, ఒకే కడుపులో రెండు వైరసులు కలిసికొని ఖండములు మార్చుకొన్నవి కాబోలు. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి రసముతో మశూచిని అడ్డుకొన్ననాటినుండి టీకాకును ఆవునకును సంబంధము కలదు. ఆంగ్లమున టీకాకు వాడు పదమునకే లాటినులో ఆవు మూలము. ప్రకృతి తనంతట తాను ఆ సంబంధమును ఇక్కడ మరల కలిపినది.

ఇంచుమించు అదే కాలమున బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థలో దుర్గారావు బృందము అక్కడి నవజాత శిశువులనుండి ఐ321 అను మరియొక సాధువైరసును వేరుచేసినది. అందు పశువైరసు పాలు ఎక్కువ. ఈవిధముగా దేశమున రెండుచోట్ల రెండు విత్తనములు సిద్ధమైనవి.

విత్తనము దొరకినంత మాత్రమున పంట చేతికి రాదు. ఇచ్చటినుండి కథ ప్రయోగశాలను వీడి సచివాలయములోనికి ప్రవేశించుచున్నది. కేంద్రప్రభుత్వము 1986లో బయోటెక్నాలజీ శాఖను ఏర్పరచెను. 1987లో భారత, అమెరికా దేశముల నడుమ టీకాల పరిశోధనకై ఒక సహకార ఒప్పందము కుదిరెను. దాని ఛాయలో ఎయిమ్స్, బెంగుళూరు సంస్థ, అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలు, అట్లాంటాలోని వ్యాధినియంత్రణ కేంద్రము, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము ఒక్క పందిరిక్రిందకు వచ్చినవి. అమెరికా శాస్త్రజ్ఞులలో రోజర్ గ్లాస్, హ్యారీ గ్రీన్‌బర్గ్ ప్రముఖులు. వైరసును విదేశమునకు పంపుటకు అనుమతి, తిరిగి తెచ్చుటకు అనుమతి, మనుష్యులమీద పరీక్షించుటకు నైతికసంఘముల అనుమతి, ఔషధనియంత్రణాధికారి అనుమతి, ప్రతి మెట్టునను ధనసహాయమునకు మంజూరు. ఈ పనులు సాగిన తీరును సెక్రటేరియటులో పనిచేసినవారు సులభముగా ఊహించుకొనగలరు. ఒక మంత్రివర్గము పోయి మరియొకటి వచ్చినను, అధికారులు బదిలీయైనను, ఆ కాగితము నిలువవలెను. అది నిలిచినది. భాన్ స్వయముగా 2004నుండి 2012వరకు బయోటెక్నాలజీ శాఖకు కార్యదర్శియై, లోడీ రోడ్డు సి.జి.ఓ. కాంప్లెక్సునుండి ఆ శాఖను నడిపెను. తాను వార్డులో చూచినదానిని దేశమునకు అందించు బాధ్యత ఆయన బల్లమీదికే వచ్చినది.

మరి దీనిని తయారుచేయువారెవరు? లాభము తక్కువైన బీదపిల్లల టీకాకై డబ్బును, సంవత్సరములను వెచ్చించుటకు ముందుకు వచ్చిన సంస్థ హైదరాబాదులోని భారత్ బయోటెక్. దాని స్థాపకుడు కృష్ణ ఎల్లా తిరుత్తణి ప్రాంతపు తెలుగు వ్యవసాయకుటుంబమున పుట్టినవాడు. ఆ తిరుత్తణి 1960లో పటాస్కర్ నిర్ణయము ననుసరించి ఆంధ్రప్రదేశమునుండి మద్రాసు రాష్ట్రమునకు చేరినది. కృష్ణ ఎల్లా వ్యవసాయశాస్త్రము చదివి, అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, అక్కడ అధ్యాపకుడై, తిరిగివచ్చి, భార్య సుచిత్రతో కలిసి 1996లో ఈ సంస్థను ప్రారంభించెను. షామీర్‌పేట ప్రాంతమున నేడు జీనోమ్ వ్యాలీ అని పిలువబడు పారిశ్రామికవాడ పెరుగుటకు కారణమైన తొలిసంస్థలలో ఇది ఒకటి.

ఇంతలో అమెరికాలో జరిగిన ఒక సంఘటన ప్రపంచమంతటను రోటా టీకాల గమనమును మార్చినది. 1998లో అక్కడ మొట్టమొదటి రోటా టీకాకు అనుమతి లభించెను. అది వేసిన కొందరు శిశువులలో ప్రేగులో ప్రేగు దూరుకొను ప్రమాదము కనబడెను. దుర్భిణి గొట్టములో ఒక భాగము మరొకదానిలోనికి జరిగినట్లు ప్రేగు ముడుచుకొనిపోవును. వెంటనే చికిత్స చేయనిచో ప్రాణాపాయము. ఆ ప్రమాదము ఇంచుమించు పదివేలమందిలో ఒకరికి అని పిమ్మట లెక్కతేలినది. 1999లో ఆ టీకాను వెనుకకు తీసికొనిరి. రోటావైరసువలన శిశుమరణములు అతిస్వల్పమైన అమెరికాకు ఆ నిర్ణయము సబబే. కాని దినమునకు రెండువందలమంది చనిపోవు దేశమునకు తూకము వేరు. అయినను, పొరుగువాడు భయపడి పారవేసిన మందును మన బిడ్డలకు పోయుటకు ఏ ప్రభుత్వమును సాహసింపదు; సాహసింపగూడదు కూడ. ఆ తరువాత వచ్చిన రెండు విదేశీ టీకాలను ఒక్కొక్కదానిని అరువదివేలకు పైగా శిశువులలో పరీక్షించిన పిదపనే అంగీకరించిరి. వానిలో ఒకటి 2004లోను, మరియొకటి 2006లోను వాడుకలోనికి వచ్చినవి. అయితే వాని వెల భారతదేశపు సామాన్యునికి అందుబాటులో లేదు.

మన రెండు విత్తనములలో ఏది మేలో తేల్చు పరీక్ష ఢిల్లీలో జరిగి, దాని ఫలితములు 2006లో వెలువడినవి. 116ఇ చుక్కలు పొందిన శిశువులలో ఎక్కువమందికి రోగనిరోధకశక్తి కలిగినది. ఐ321 అంతటి ఫలితమునీయలేదు, దానిని విడిచిపెట్టిరి. పోటీలో ఓడిన విత్తనమునకును చరిత్రలో స్థానము కలదు. అది లేనిదే గెలిచినదాని విలువ తెలియదు.

2011లో చివరిదియు, మహత్తరమైనదియునగు పరీక్ష ఆరంభమాయెను. ఢిల్లీ, పూనా, వేలూరు కేంద్రములు. ఢిల్లీలో నీతా భండారి బృందము. వేలూరులో గగన్‌దీప్ కాంగ్ బృందము. ఈ కాంగ్ 2019లో లండను రాయల్ సొసైటీకి ఎన్నికయ్యెను. భారతదేశమున పనిచేయుచు ఆ గౌరవము పొందిన తొలి మహిళ ఆమెయే. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల చిత్తూరు, నెల్లూరు జిల్లాల తెలుగువారికి చిరపరిచితమే. మొత్తము 6,799 మంది శిశువులు చేరిరి. వారిలో 4,532 మందికి టీకా చుక్కలు, 2,267 మందికి మందులేని చుక్కలు వేసిరి. ఏ బిడ్డకు ఏవి పడినవో తల్లికి తెలియదు, వేసిన వైద్యునికిని తెలియదు. ఆరు, పది, పదునాలుగు వారముల వయస్సులలో మూడు మోతాదులు. పిమ్మట కార్యకర్తలు ప్రతివారమును ఇంటింటికి పోయి, బిడ్డకు విరేచనములైనవా యని అడిగి వ్రాసికొనిరి. జబ్బుపడినవారికి ఏ చుక్కలు పడియుండినను చికిత్స ఒక్కటే.

2013 మే 14న ఢిల్లీలో ఫలితములు ప్రకటింపబడెను. మొదటి సంవత్సరములో తీవ్రమైన రోటావ్యాధి నూటికి 56 పాళ్లు తగ్గెను. రెండేండ్లు కలిపి చూచినచో 55. మశూచి, పోలియో టీకాల విజయములు వినిన చెవులకు ఈ సంఖ్య చిన్నదిగా తోచవచ్చును. ఐరోపాలో విదేశీ టీకాలు 90కి పైబడిన రక్షణ ఇచ్చినవి గదా! అయితే అవే టీకాలు బీదదేశములకు పోయినపుడు ఏమాయెను? ఆఫ్రికాలోని మలావీలో ఒకటి 49 మాత్రమే ఈయగలిగెను. పోషకాహారలోపము, ప్రేగులలో ఇతర క్రిముల రద్దీ, తల్లిపాలలోని ప్రతిరక్షకములు మొదలైనవి కారణములు కావచ్చునని శాస్త్రజ్ఞుల తలంపు. లోపము చుక్కలది మాత్రమే కాదు. ఆ చుక్కలు పడు కడుపు స్థితిది కూడ. ఈ విషయమున మెచ్చుకొనదగినది, శాస్త్రజ్ఞులు సగమును సగమని చెప్పుట. లక్షలాది జబ్బులలో సగము తగ్గినచో ఎన్ని ఇండ్లలో దీపము నిలుచునో లెక్కింపవచ్చును.

విమర్శలు రాకపోలేదు. అప్పటికే విదేశీ టీకాలుండగా కొందరు శిశువులకు మందులేని చుక్కలు వేయుట న్యాయమా యని కొందరు ప్రశ్నించిరి. మూడు కేంద్రముల లెక్కలను విడివిడిగా ప్రకటింపవలెనని కోరుచు వ్యాజ్యములు నడిచినవి. పదివేలలో ఒకరికి వచ్చు ప్రమాదమును కనుగొనుటకు 6,799 మంది చాలరనుట గణితరీత్యా సత్యమే. ఇట్టి ప్రశ్నలు వేసినవారిని శత్రువులుగా చూడనవసరములేదు. పసిబిడ్డకు మందు పోయువానికి ప్రశ్న ఎదురగుట మంచిదే. సమాధానము వెదకి తెచ్చుట వాని విధి.

వెల విషయమున మాత్రము వివాదమునకు తావులేదు. మోతాదు ఒక డాలరునకే ప్రభుత్వమునకు ఇత్తుమని కృష్ణ ఎల్లా పరీక్షాఫలితములు రాకమునుపే మాట ఇచ్చెను. ఆ కాలమున అది యాభైయైదు రూపాయలకు అటునిటు. బయోటెక్నాలజీ శాఖతోబాటు గేట్స్ ఫౌండేషన్, పాత్ సంస్థ, నార్వే పరిశోధనామండలి, బ్రిటిషు ప్రభుత్వము మొదలైనవారు పరీక్షల వ్యయములో పాలు పంచుకొనుటచేతనే ఇది సాధ్యమాయెను. టీకా వెలను ముందుగా నిర్ణయించి, పరిశోధనను దానికి తగినట్లు మలచుట మనదేశపు ఔషధచరిత్రలో గమనింపదగిన ఘట్టము.

2014 జనవరిలో టీకాకు అనుమతి లభించెను. 2015 మార్చి 9న ప్రధానమంత్రి దానిని ఢిల్లీలో విడుదల చేసెను. 2016 మార్చిలో జాతీయ టీకా కార్యక్రమమున ప్రవేశించినపుడు మొదటివిడతకు ఎన్నుకొన్న రాష్ట్రములు నాలుగు: ఒడిషా, హర్యానా, హిమాచలప్రదేశము, ఆంధ్రప్రదేశము. తెలుగుతల్లుల బిడ్డలు ఈ విధముగా తొలిపంక్తిలోనే కూర్చుండిరి. తరువాతి మూడేండ్లలో అది దేశమంతటికి విస్తరించినది. పూనాలోని సీరమ్ సంస్థ చేసిన మరియొక స్వదేశీ టీకాయు దానికి తోడై నిలిచినది. 2018 జనవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ హైదరాబాదు టీకాకు తన అర్హతాముద్రను వేసెను. అదే సంవత్సరము పాలస్తీనా దానిని తన శిశువులకై స్వీకరించెను. షామీర్‌పేటలో నింపిన సీసాలు ఆ దూరదేశపు ఉయ్యాలలకు చేరినవి.

ఇక విమర్శకుల ప్రశ్నకు సమాధానము. టీకా ప్రవేశించిన నాటినుండియే 27 ఆస్పత్రులలో, 2016నుండి 2019వరకు, ప్రేగులో ప్రేగు దూరిన శిశువులను ఒక్కొక్కరిని లెక్కించి, చుక్కలు వేసిన దినములకును జబ్బు వచ్చిన దినములకును సంబంధమున్నదా యని పరిశీలించిరి. సంబంధము కనబడలేదని 2020లో ఫలితములు వెలువడినవి. రక్షణ విషయమున, 9 రాష్ట్రములలోని 31 ఆస్పత్రుల లెక్కలు 2025లో ప్రచురితమైనవి. టీకా ఫలసాధకత నూటికి 54గా తేలినది. పరీక్షలో కనబడిన 55నకును, నిత్యజీవితమున, ఎండలో, వానలో, కిక్కిరిసిన ఆరోగ్యకేంద్రములలో కనబడిన 54నకును భేదము లేదన్నమాట. కాగితముమీది మాట ఊరిలో నిలుచుట ఎంత అరుదో పరిపాలనానుభవము గలవారికి చెప్పనవసరములేదు.

ఈ కథలో నోయిడాకును ఒక చిన్న పాఠము కలదు. 62వ సెక్టారులో, ఎలెక్ట్రానిక్స్ కార్యాలయముల నడుమ, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోలాజికల్స్ అను కేంద్రప్రభుత్వ సంస్థ కలదు. ఇన్సులిను, రక్తోత్పత్తులు మొదలైన జీవసంబంధమైన మందుల నాణ్యతను పరీక్షించుట దాని పని. టీకాల విషయమున ఇట్టి ముద్రను ముఖ్యముగా హిమాలయపు అంచునగల కసౌలి ప్రయోగశాల వేయుచున్నది. ఈ భవనముల ముందునుండి ప్రతిదినమును వేలాదిమంది పోవుచుందురు. లోపల తెల్లకోటు ధరించి ఒక సీసాను వెలుతురునకు ఎత్తి చూచు ఉద్యోగి పేరు ఎవరికిని తెలియదు. తప్పు జరిగిననాడే ఆ పేరు వార్తలకెక్కును. తప్పు జరుగనంతకాలము అది అజ్ఞాతమే. ప్రభుత్వోద్యోగమునకు ఇంతకంటె సరియైన నిర్వచనము లేదేమో.

తుదకు ఒక లెక్క మిగిలియున్నది. విత్తనము దొరకినది 1985-86లో. చుక్కలు సామాన్యుని బిడ్డకు అందినది 2016లో. ఆలస్యము అమృతమును విషము చేయునని పెద్దలు చెప్పిరి. ఈ ముప్పది సంవత్సరములలో ఏటేట సమాధియైన పిల్లలలో కొందరినైనను ఈ సగము రక్షణ కాపాడియుండెడిది గదా యను ప్రశ్నను తప్పించుకొనజాలము. ఆ కాలములో కొంత భాగము న్యాయమైనదే: అమెరికా అనుభవము తరువాత జాగ్రత్త వహించుట, రెండు విత్తనములను పోల్చుట, తగినంతమందిలో పరీక్షించుట తప్పనిసరి. మరికొంత భాగము డబ్బు చాలక, కర్మాగారము దొరకక, అనుమతికై ఎదురుచూచుటలో గడచినది. జాగ్రత్తవలన కలిగిన ఆలస్యమును, అజాగ్రత్తవలన కలిగిన ఆలస్యమును వేరుచేసి చూచుట నేర్చినచో, రాబోవు టీకాకు ముప్పది సంవత్సరములు పట్టకపోవచ్చును. బల్లమీద నిలిచిన ప్రతి కాగితము వెనుక ఒక ఉయ్యాల ఉండకపోవచ్చును. కాని కొన్నింటి వెనుక ఉండును. ఏవి అట్టివో ముందుగా తెలియదు.

మహారాజ్ కిషన్ భాన్ 2020 జనవరి 26న, గణతంత్రదినమున, కన్నుమూసెను. రూత్ బిషప్, దిలీప్ మహలనబీస్ ఇరువురును 2022లో దివంగతులైరి. వారు ముగ్గురును రక్షించిన పిల్లలకు వారి పేర్లు తెలియవు. అది దోషము కాదు. జబ్బు రాని బిడ్డ తనకు ఏ జబ్బు రాలేదో ఎట్లు తెలిసికొనగలడు?

ఐదు చుక్కలు వేయించితిమని నిశ్చింతగా నుండరాదని మాత్రము ఈ చరిత్రయే చెప్పుచున్నది. రక్షణ సగము, మిగిలిన సగము ఇంటివారిది. చేతులు కడుగుట, తల్లిపాలు మానకుండుట, విరేచనములారంభింపగనే ఓ.ఆర్.ఎస్. నీటిని చెంచాతో కొద్దికొద్దిగా త్రాగించుచుండుట, కన్నీరు రాని ఏడ్పును గుర్తించి ఆస్పత్రికి పరుగెత్తుట, ఇవి ఏ కర్మాగారమును తయారుచేయజాలని మందులు. నోయిడాలోని ఒక మేడమీది ఇంట, రాత్రివేళ, ఆరువారముల బిడ్డ పాలు త్రాగి నిద్రించుచుండును. నలుబది సంవత్సరముల క్రిందట యమునకు ఆవల ఒక వార్డులో, జబ్బులేకుండ అట్లే నిద్రించిన శిశువులను ఒక వైద్యుడు రెండవసారి తేరిపార చూచెను. ఈ బిడ్డ నిద్రకు మూలము ఆ చూపు.